కిడ్నాపరే నయం

ప్రేమకు వెల కట్టలేమని మొదట అన్నవాడెవడో నాకు తెలీదు. వాడికి పెళ్లీడుకొచ్చిన కొడుకు మాత్రం లేడని ఘంటాపథంగా చెప్పగలను. ఉన్నవాడు ఆ మాట అనడు. వాడి దగ్గర రేటుంటుంది. ఎకరాల్లో ఉంటుంది, తులాల్లో ఉంటుంది, హైదరాబాద్ శివార్లలో అయితే గజాల్లో ఉంటుంది. కుర్రాడు అమెరికాలో ఉంటే ఒక రేటు. గ్రీన్ కార్డు చేతికొస్తే ఇంకో రేటు. డాక్టరయి పీజీ కూడా పూర్తి చేశాడంటే, ఆ రేటు చెప్పేటప్పుడు మధ్యవర్తి గొంతు భక్తితో తగ్గిపోతుంది.

ఇదే మనిషిని సినిమా హాల్లో చూడండి. ప్రేమ కోసం ప్రాణాలిచ్చే జంటని చూసి కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. తొంభై ఏళ్లుగా తెలుగువాడు తెర ముందు కూర్చుని ప్రేమ అమరమని ఏడుస్తూనే ఉన్నాడు, బయటికొచ్చి కొడుక్కి బేరమాడుతూనే ఉన్నాడు. ఆ ఏడుపుకీ ఈ బేరానికీ మధ్య ఇంటర్వెల్ కూడా లేదు.

ఈ జబ్బుకి ప్రేమకథల్లో మందు లేదు. దీన్ని పెంచి పోషించినవే అవి. మందు ఎక్కడుందో చెబితే నవ్వుతారు. దొంగల కథల్లో ఉంది. నేరాన్నీ నవ్వునీ కలిపి తీసిన సినిమాల్లో, మీరు టైంపాస్ అని కొట్టిపారేసిన సినిమాల్లో ఉంది.

నవ్వండి. నవ్వాకే మాట్లాడుకుందాం.

1993లో 'మనీ' అని ఒక సినిమా వచ్చింది. రామ్‌గోపాల్ వర్మ నిర్మాత. దర్శకుడిగా శివనాగేశ్వరరావుకి అదే మొదటిది. కటౌట్లకి పాలు పోయించుకునే హీరో లేడు. ఇద్దరు కుర్రాళ్లు, జె.డి. చక్రవర్తి, చిన్నా. ఉద్యోగం లేదు, జేబులో పైసా లేదు. గతిలేక డబ్బున్న ఇంటావిణ్ణి ఎత్తుకొస్తారు. ఆవిడ జయసుధ. ఆవిడ మొగుడు సుబ్బారావు, అంటే పరేష్ రావల్. డబ్బు తెస్తావా, నీ పెళ్లాన్ని చంపెయ్యమంటావా అని అడుగుతారు. అక్కడ కథ మలుపు తిరుగుతుంది. సుబ్బారావుకి కావలసిందే అది. ఆవిడ పోవాలి, డబ్బు మిగలాలి. తను చేద్దామనుకున్న పని ఇంకెవడో ఫ్రీగా చేసిపెడతానంటే వద్దంటాడా?

థియేటర్ దద్దరిల్లింది. మీరూ నవ్వారు, మీ నాన్నగారూ నవ్వారు. మంచిదే. ఎందుకు నవ్వారో ఒక్కసారైనా ఆలోచించారా?

ముక్కూమొహం తెలీని విషయానికి ఎవడూ నవ్వడు. మొగుడు పెళ్లాం చావు కోరుకోవడం మనకి ఊహకందని ఘోరమే అయితే, ఆ సీన్‌కి హాలంతా బిక్కచచ్చిపోవాలి. అలా జరగలేదు. ఈలలు పడ్డాయి. సుబ్బారావు మనకి తెలుసు గనుక. వాడితో భోజనాలు చేశాం. వాడి గృహప్రవేశానికి వెళ్లి స్టీలు గిన్నె ఇచ్చి వచ్చాం.

కానీ ఆ సినిమాలోంచి మనం ఎవణ్ణి గుర్తుపెట్టుకున్నామో చూడండి. ఖాన్ దాదాని. సినిమా హీరో అయిపోవాలని కలలు కనే రౌడీ, బ్రహ్మానందం. ఆ వేషానికి నంది కూడా వచ్చింది. ముప్ఫై ఏళ్లు దాటినా ఖాన్ దాదా మొహం మీ ఫోన్లో రోజుకో జోకుకి పనికొస్తూనే ఉంది. సుబ్బారావు మొహం ఎక్కడుంది? ఎవడి ఫోన్లోనూ లేదు. పెళ్లి ఆల్బంలో ఉంది. మొదటి పేజీలో, పట్టు పంచె కట్టుకుని, కాళ్లు కడిగించుకుంటూ.

ఇంకో తమాషా చెబుతాను. ఆ సినిమాకి సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసిన ఒక పాట ఉంది. పెళ్లి జోలికి పోకురా, జాగ్రత్త అని బ్రహ్మచారిని హెచ్చరించే పాట. హాయిగా ఉంటుంది. కాలేజీ ఫంక్షన్లలో పాడారు, పెళ్లికొడుకుని ఆటపట్టించడానికి పాడారు, ఇప్పటికీ పాడుతున్నారు. అయ్యా, ఒక్క క్షణం. ఆ కథలో పెళ్లి వల్ల ప్రాణం మీదికి వచ్చింది ఎవరికి? బ్రహ్మచారికా? జయసుధకి! చంపబోయేది మొగుడు, చావబోయేది పెళ్లాం, జాగ్రత్త చెప్పింది మాత్రం మగాడికి. పాట రాసిన పెద్దాయన వ్యంగ్యంగానే రాశాడనుకుందాం. మరి ఇన్నేళ్లుగా చప్పట్లు కొడుతున్న మనకి ఆ వ్యంగ్యం ఎక్కడ తగలాలో అక్కడ తగిలిందా? తగల్లేదు. మగాళ్ల బాధలెవరికి చెప్పుకోవాలి అని నిట్టూర్చి ఇంకో పెగ్గు పోసుకున్నాం.

కథ మనది కాదు అంటారు కొందరు సినిమా పండితులు. హాలీవుడ్ నుంచి ఎత్తుకొచ్చిందేనని చెప్పి, ఏదో హత్య ఛేదించినట్టు మీసం దువ్వుతారు. నిజమే, దీని మూలం 1986 నాటి 'రూత్‌లెస్ పీపుల్'. ముగ్గురు దర్శకులు కలిసి తీశారు: జిమ్ అబ్రహామ్స్, డేవిడ్ జుకర్, జెర్రీ జుకర్. డానీ డివిటో మొగుడు, బెట్ మిడ్లర్ పెళ్లాం. మామగారి ఆస్తి కోసమే ఆవిణ్ణి చేసుకున్నాడు. చంపుదామని క్లోరోఫాం సీసాతో సహా ఇంటికొస్తాడు. మనిషి లేదు. ఫోన్ మోగుతుంది. నీ భార్య మా దగ్గరుంది, పోలీసులకి చెప్పినా పేపర్లకెక్కినా చంపేస్తాం అంటాడు అవతలివాడు. మొగుడు వెంటనే చేసిన పనేమిటి? పోలీసుల్ని పిలిచాడు. టీవీ వాళ్లని కూడా పిలిచాడు. చెప్పిన మాట మీద నిలబడి చంపెయ్యండిరా నాయనా అని అర్థం.

చంపమన్నా చంపలేని పాపం కిడ్నాపర్లది. వాళ్లెవరు? ఆ మొగుడు తమ బట్టల డిజైన్ దొంగిలిస్తే రోడ్డున పడ్డ ఒక జంట. ఆ కుర్రాడు స్టీరియోలమ్మే దుకాణంలో పనిచేస్తాడు. ఒకరోజు కుర్ర కస్టమర్‌కి అక్కర్లేని ఖరీదైన సరుకు అంటగట్టబోయి, వాడి పెళ్లాం నిండు చూలాలని చూసి నోరు రాక వదిలేస్తాడు. అలాంటివాడు మొదట 5 లక్షల డాలర్లడిగాడు. మొగుడు పలకలేదు. 50 వేలకి దిగాడు. పలకలేదు. 10 వేలకి దిగాడు. నేలమాళిగలో బందీగా ఉన్న ఆవిడకి తెలిసిపోయింది, తన రేటు ఎలా పడిపోతోందో. ఏడ్చింది.

అక్కడ నేనైతే నవ్వలేకపోయాను. పెళ్లిచూపుల్లో అచ్చంగా ఇదే బేరం జరుగుతుంది, కాకపోతే తిరగేసి. అక్కడ 5 లక్షలు 10 వేలవుతాయి. ఇక్కడ 10 లక్షలు 50 లక్షలవుతాయి. వంటింటి గుమ్మం వెనకాల నిలబడి వింటున్న పిల్ల మాత్రం రెండుచోట్లా ఒకటే. హాలీవుడ్ నుంచి ఎత్తుకొచ్చారట! ఈ కథ ఎత్తుకురావాల్సిన దేశమా ఇది? ఎగుమతి చెయ్యాల్సిన దేశం.

నా మాట మీద నమ్మకం లేకపోతే తారీఖులు చూడండి. అమెరికాలో ఆ సినిమా చూసి జనం పొట్టలు చెక్కలయ్యేలా నవ్విన 1986లోనే, మన పార్లమెంటు శిక్షాస్మృతిలో 304బి అని ఒక సెక్షన్ చేర్చింది. వరకట్న చావు. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల అసహజంగా పోయి, అంతకుముందు కట్నం కోసం వేధించారని తేలితే, ఆ చావుకి మొగుడూ అత్తవారూ కారణమనే చట్టం భావిస్తుంది. అంటే వాళ్లు కామెడీ తీసుకుంటున్న ఏడాదే, అదే కథకి మనం సెక్షన్ రాసుకున్నాం. ఇప్పుడు కొత్త న్యాయ సంహితలో అది 80. నంబరు మారింది. 2022లో దేశంలో నమోదైన వరకట్న చావులు 6,000 పైచిలుకు. నమోదైనవి. స్టవ్ పేలిందనీ, కడుపునొప్పి తట్టుకోలేక ఉరేసుకుందనీ రాయించుకున్నవి ఎన్నో మీ ఊరి ముసలమ్మల్ని అడగండి.

ఇంకో తారీఖు. డబ్బు కోసం మనిషిని ఎత్తుకెళ్లి చంపుతానని బెదిరిస్తే ఉరి లేదా యావజ్జీవం అంటూ 364ఎ సెక్షన్ తెచ్చింది ఎప్పుడనుకున్నారు? 1993లో. 'మనీ' వచ్చిన ఏడాదే! కాబట్టి లెక్క ఇలా తేలింది: పరాయివాడు ఆడపిల్లని తీసుకెళ్లి, డబ్బివ్వకపోతే చంపుతానని ఫోన్ చేస్తే ఉరికంబం దాకా వెళ్లొచ్చు. మేళతాళాలతో తీసుకెళ్లి, డబ్బు తేకపోతే పుట్టింట్లో వదిలేస్తానని ఫోన్ చేస్తే, కట్నం అడిగిన నేరానికి ఆరు నెలల నుంచి రెండేళ్లు. అది కూడా పడితే. పడదు. పెద్దమనుషులు కూర్చుంటారు.

ఇద్దరూ డబ్బే అడిగారు. ఇద్దరి చేతిలోనూ ఆడపిల్లే ఉంది. తేడా ఏమిటి? కిడ్నాపర్ శుభలేఖ వెయ్యలేదు. అంతే.

ఇక్కడ ఒకాయన లేస్తాడు, నాకు తెలుసు. ప్రతి సభలోనూ లేస్తాడు. 'ఏమండీ, కట్నం తీసుకున్న ప్రతివాడూ పెళ్లాన్ని చంపుతాడా?' చంపడండీ. సుబ్బారావు కూడా పెళ్లిరోజే చంపలేదు. చంపడం ఆఖరి వాయిదా. మొదటి వాయిదా నిశ్చితార్థం నాడే కట్టించుకున్నారు, అప్పుడు మీరు కాఫీ తాగుతూ అక్కడే ఉన్నారు. మనిషికి ధర ఒకసారి కట్టాక, ఆ ధర చాల్లేదనిపించడానికి ఎంతసేపు పడుతుంది? బైకన్నవాడు కారంటాడు. కారన్నవాడు ఫ్లాటంటాడు. మామ దగ్గర ఇక రాలదని తేలిన రోజు ఆ మనిషితో వాడికేం పని?

ఇంకొకాయన కూడా లేస్తాడు, మరీ తెలివైనవాడు. 'మరి ఆడవాళ్లకి ఆశ లేదా?' ఎందుకు లేదు! ఆ హాలీవుడ్ సినిమాలోనే మొగుడి ప్రియురాలు, వాడికి తెలీకుండా ఇంకో ప్రియుడితో కలిసి వాడికే ఎసరు పెడుతుంది. మనూళ్లో కూడా జీతం చీటీ చూసి గానీ ఫొటో చూడని అమ్మాయిలున్నారు. వియ్యపురాలి మెడలో గొలుసు కొలతలు కళ్లతోనే తీసే అత్తలున్నారు. ఆ లెక్క కూడా రాద్దాం. దాచేది లేదు. కాకపోతే శవాలు ఎటువైపు ఎక్కువ లేచాయో ఆ గడి కూడా నింపి పంపండి. ఖాళీ వదిలితే నేనొప్పుకోను.

సరే, నేరాల సంగతి పక్కన పెట్టి, మనం నెత్తిన పెట్టుకున్న స్వచ్ఛమైన ప్రేమకథల దగ్గరికొద్దాం. మన హీరో పేదవాడు. ఆటో తోలతాడు, మెకానిక్ షెడ్డులో చేస్తాడు, లేదా ఏ పనీ చెయ్యడు. వాడికి ప్రేమ పుడుతుంది. ఎవరి మీద? పక్కింట్లో బీడీలు చుట్టే పిల్ల మీద పుట్టదు. రేషన్ షాపు క్యూలో నిలబడ్డ పిల్ల మీద పుట్టదు. ఊరు మొత్తంలో బంగళా ఉన్నవాడు ఒక్కడుంటే, వాడికి ఒక్కగానొక్క కూతురుంటే, సరిగ్గా ఆ పిల్ల మీదే పుడుతుంది. గుడ్డిదట ప్రేమ! ఇంత చూపున్న గుడ్డిదాన్ని నేనెక్కడా చూడలేదు. చివరి రీల్లో మామకి జ్ఞానోదయం. మిల్లులు, తోటలు, బంగళా, అన్నీ అల్లుడి పరం. ఒక్క రూపాయి కట్నం తీసుకోని ఆదర్శ పురుషుడని మనం చప్పట్లు. ఇదే పని ఒక పేదింటి పిల్ల డబ్బున్నవాడి కొడుకుతో చేస్తే ఏమంటారు? వల వేసిందంటారు. అబ్బాయి చేస్తే ప్రేమ, అమ్మాయి చేస్తే వల.

మన కన్నీళ్ల మహాకావ్యం 'దేవదాసు' అయినా అంతే. 1953 నుంచి ఏడుస్తున్నాం. ఆ ప్రేమ ఎక్కడ విరిగింది? విధి దగ్గర కాదు, జమీందారు గుమ్మం దగ్గర. హోదా చాలని ఇంటి పిల్లని కోడలిగా తెచ్చుకోనన్న తండ్రి దగ్గర, ఆ తండ్రికి ఎదురు నిలవలేని కొడుకు దగ్గర. మరి మనకి గుర్తున్నది ఏమిటి? సీసా. కుక్క. దగ్గు. డబ్బు చేసిన హత్యని ప్రేమ చేసుకున్న ఆత్మహత్యగా రాసుకుని, ముందు తరాలకి వారసత్వంగా ఇచ్చాం.

అందుకే చెబుతున్నాను, కన్నీళ్లు దాచిపెట్టిన నిజాన్ని నవ్వే బయటపెడుతుంది. ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. హాలీవుడ్ పుట్టకముందే మన విజయనగరంలో ఒకాయన కనిపెట్టాడు. 1892లో ఆడి, 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' ఏమనుకుంటున్నారు? సంఘ సంస్కరణ నాటకం అని పదో తరగతిలో బట్టీ పట్టించి దాన్ని చంపేశారు గానీ, అది నికార్సయిన క్రైమ్ కామెడీ. చూడండి. కాటికి కాళ్లు చాచిన లుబ్ధావధాన్లకి డబ్బు పుచ్చుకుని పసిపిల్లని అమ్మబోయే తండ్రి. ఆ పెళ్లి ఆపడానికి మగపిల్లాడికి ఆడవేషం కట్టి ముసలాడికే అంటగట్టిన మేనమామ. పెళ్లికూతురు మాయం. ముసలాడి మీద ఖూనీ కేసు! లేని పిల్లని చంపాడని! ఇక హెడ్డు కనిస్టీబు, దొంగ సాక్ష్యాలు, ప్లీడర్లు, ఎవడి వాటా వాడికి. మధ్యలో గిరీశం. వితంతువుని ఉద్ధరిస్తానంటూ ప్రేమ కబుర్లు చెబుతూ, ఆవిడ వెనకాలున్న ఆస్తి మీద ఓ కన్ను వేసిన మన మొదటి ప్రేమ హీరో.

ఆ మొత్తం మందలో మనిషన్నది ఎవరు? మధురవాణి. డబ్బు తీసుకుంటానని ఒప్పుకునే వేశ్య. పెళ్లి పేరు మీద అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, సంస్కరణ పేరు మీద కాజేసేవాళ్లు అందరూ గౌరవనీయులు. తన బేరం తనే చెప్పుకునేది మాత్రం పతిత. గురజాడ అప్పారావు నూట ముప్ఫై ఏళ్ల కింద పెట్టిన ఆ చెంపదెబ్బ ఇంకా మండాలి. మండటం లేదంటే చర్మం అంత మందమైందన్నమాట. 'మనీ'లో కిడ్నాపర్లు మధురవాణికి చుట్టాలే. తప్పు చేస్తున్నామని వాళ్లకి తెలుసు. సుబ్బారావుకి ఆ తెలివిడి కూడా లేదు.

నేను డబ్బుకి శత్రువుని కాను. ఆకలికి నీతులు చెప్పే ఆశ్రమం నాకు లేదు. అవసరం వేరు, ఆశ వేరు. ఉద్యోగం లేని కుర్రాడికి ఎంత కావాలో అడగండి, లెక్క చెబుతాడు: అద్దెకింత, అప్పుకింత. ఆశపోతుని అడగండి. అంకె చెప్పడు. వాడి దగ్గర అంకె ఉండదు.

ఈ తేడాని ఎముకల్లోకి దిగేలా చూపించిన సినిమా ఇంకొకటుంది. 1996లో జోయెల్, ఈథన్ కోయెన్ అన్నదమ్ములు తీసిన 'ఫార్గో'. అమెరికాలో మంచు తప్ప ఏమీ కనిపించని మిన్నెసోటా. కార్లమ్మే జెర్రీ, తన పెళ్లాన్ని కిడ్నాప్ చెయ్యమని తనే ఇద్దరు కిరాయి వెధవల్ని పెట్టుకుంటాడు. డబ్బు కక్కాల్సింది మామ. వాళ్లతో చెప్పింది 80 వేల డాలర్లు. మామకి చెప్పింది పది లక్షలు. పెళ్లాం మీద కూడా కమిషన్! వాడికి అంత అప్పెందుకయిందో సినిమా ఆఖరిదాకా చెప్పదు. చెప్పాల్సిన పని లేదు. ఆశకి కారణం అడగడమేమిటి?

అందులో ఒక సీన్ చూసి తీరాలి. పెళ్లాన్ని ఎత్తుకుపోయారు. జెర్రీ ఇంటికొచ్చాడు. బాత్రూంలో కర్టెన్ లేదు, ఇల్లంతా చిందరవందర. కెమెరా ఇల్లు చూపిస్తుంటే, పక్కగదిలోంచి వాడి గొంతు వినిపిస్తుంది. మామకి ఘోరం జరిగిపోయిందని చెబుతున్నాడు. ఆగాడు. మళ్లీ అదే మాట, ఈసారి ఇంకొంచెం వణుకుతో. రిహార్సల్ చేస్తున్నాడండీ! ఏడుపు కుదిరిందనుకున్నాక అప్పుడు నంబరు నొక్కి, మామూలు గొంతుతో, మామగారున్నారా అని అడుగుతాడు. తర్వాత మామతోనూ ఆయన మనిషితోనూ హోటల్లో కూర్చుని డబ్బు లెక్కలు మాట్లాడుకుంటారు. పిల్లాడెలా ఉన్నాడని ఆ మూడోవాడు అడిగితే గానీ, తనకో కొడుకున్నాడనీ, వాడి తల్లి పోయిందని వాడూ ఏడుస్తుంటాడనీ జెర్రీకి గుర్తు రాదు.

ఆ తర్వాత ఎంతమంది చచ్చారో వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. ఒకడు తొమ్మిది లక్షల పైచిలుకు డాలర్లు మంచులో పాతిపెట్టి వచ్చి, మిగిలిన పాత కారు సగం ఖరీదు దగ్గర తోటి దొంగతో పేచీ పడి, గొడ్డలి దెబ్బకి పోతాడు. ఆ డబ్బు ఎవడికీ దక్కదు. ఎక్కడుందో చెప్పడానికి బతికున్నవాడే లేడు.

ఇదంతా పట్టుకునేది ఎవరు? ఏడు నెలల గర్భిణి, పోలీసు అధికారి మార్జ్. ఆ వేషానికి ఫ్రాన్సెస్ మెక్‌డోర్మండ్‌కి ఆస్కార్ వచ్చింది. మొగుడు నార్మ్ బాతుల బొమ్మలు వేస్తాడు. తెల్లారకుండా పెళ్లానికి డ్యూటీ పడితే లేచి గుడ్లు వేసి పెడతాడు. ఆవిడ హత్యల మధ్యలో ఆగి, వాడు చేపలు పట్టుకోవడానికి ఎరలు కొనుక్కొస్తుంది. సినిమా చివర నార్మ్ కాస్త చిన్నబుచ్చుకుంటాడు, తను వేసిన బాతు బొమ్మ పోస్టల్ స్టాంపుకి ఎంపికైంది గానీ 3 సెంట్ల స్టాంపుకేనట. రేట్లు పెరిగినప్పుడల్లా జనానికి కావలసింది ఆ చిన్న స్టాంపులేగా అని ఆవిడ సర్దిచెబుతుంది.

పది లక్షలకి ఇల్లు కూలింది ఒకచోట. మూడు సెంట్లకి మురిసిపోయింది ఇంకోచోట. ప్రేమ అంటే ఏమిటని ఇప్పటికీ అడుగుతారా? డబ్బు గురించి పట్టించుకోకపోవడం ప్రేమ కాదు. వాళ్లకీ బిల్లులున్నాయి, వాళ్లకీ పుట్టబోయే బిడ్డుంది. ఎదుటి మనిషిలో ధర కనపడకపోవడం ప్రేమ. అంత చిన్న విషయం. దానికి స్విట్జర్లాండ్‌లో పాట అక్కర్లేదు, మామ బంగళా అంతకన్నా అక్కర్లేదు.

ఇక మన ఇప్పటి క్రైమ్ కామెడీల సంగతి. అక్కడా నాకు మొహమాటం లేదు. 'మనీ'కి కొనసాగింపుగా 'మనీ మనీ', ఆ తర్వాత 'మనీ మనీ మోర్ మనీ' తీశారు. పేర్లు పెరిగాయి, పదును పెరగలేదు. ఇప్పుడు మరీ సుఖం. హీరో దొంగ. ఎందుకు దొంగ? స్టైలుగా ఉంటుందని. విలన్ దొంగ అయితే తప్పు, హీరో దొంగ అయితే నేపథ్య సంగీతం. హీరోయిన్ ఎందుకుందో రాసినవాడికీ తెలీదు. బంగారం బ్యాగు ఒక చేతిలో, అమ్మాయి ఇంకో చేతిలో, స్లో మోషన్‌లో నడిచొస్తాడు. రెండూ కొల్లగొట్టిన సరుకే. ఆశని ఎగతాళి చెయ్యడానికి పుట్టిన సినిమా ఆశకే గొడుగు పడుతోంది. 2019లో వివేక్ ఆత్రేయ తీసిన 'బ్రోచేవారెవరురా' లాంటిది ఎప్పుడో ఒకటి వస్తుంది. నాన్న మాట వినిపించుకోడు గనుక తన కిడ్నాప్ తనే ఏర్పాటు చేసుకునే పిల్ల అందులో ఉంది. ఆ ఒక్క ఆలోచనలో ఉన్నంత తెగువ మిగతా మూటలో లేదు. ఇంట్లో మనిషిగా అడిగితే దొరకనిది, ఎత్తుకుపోయిన సరుకుగా అడిగితే దొరుకుతుందట! ఆడపిల్ల తండ్రులు ఆ సీన్ దగ్గర పాప్‌కార్న్ పక్కన పెట్టి ఆలోచించాల్సింది. పెట్టారా?

సినిమాని సినిమాలా చూడాలంటారు మీరు. చూశాను. మీరే చూడలేదు. చూసుంటే ఆ నవ్వు గొంతులో అడ్డం పడేది. నేరాన్ని నవ్వులాట చేసి కుర్రకారుని చెడగొడుతున్నారని వాపోయే పెద్దలకి కూడా ఒక మాట. కుర్రాళ్లని చెడగొట్టింది ఖాన్ దాదా కాదు. డిగ్రీ చదివించినప్పుడే ఖర్చంతా రాసిపెట్టుకుని, వడ్డీతో సహా వియ్యంకుడి దగ్గర వసూలు చేసిన తండ్రి. 'మేమేం అడగమండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం' అని చెప్పి, పెళ్లి ముందు రాత్రి ఆడపడుచు లాంఛనాల దగ్గర ముహూర్తం ఆపిన తల్లి. బొమ్మలాగా నిలబడి, మా వాళ్లకి ఎదురు చెప్పలేను అన్న ఆ ఇంజనీరు పెళ్లికొడుకు. 1961 నుంచి కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా నేరం. ఇప్పుడున్న శిక్ష కనీసం అయిదేళ్లు. లెక్క తీస్తే ఖాన్ దాదా డెన్‌లో కన్నా మీ ఫంక్షన్ హాల్లోనే నేరస్తులు ఎక్కువ. అక్కడ తుపాకులైనా బయటికి కనిపిస్తాయి.

మీకు కోపం వచ్చిందా? రావాలి. రాకపోతే నేను రాయడం దండగ. కోపం తీర్చుకోవడానికి నాకు ఉత్తరం రాయక్కర్లేదు, తిట్టించక్కర్లేదు. ఒక్క పని చెయ్యండి.

మన పెళ్లిళ్లలో చదివింపులు మైకులో చదివే అలవాటుంది కదా. ఫలానా వారు నూట పదహార్లు, ఫలానా వారు వెయ్యి నూట పదహార్లు అని ఊరంతా వినేలా. పేదవాడు చెమటోడ్చి తెచ్చిన నూట పదహార్లు మైకెక్కుతాయి. మీ వియ్యంకుడిచ్చిన యాభై లక్షలు, ఎకరం పొలం, కారు తాళాలు ఎందుకెక్కవు? అది ప్రేమతో ఇచ్చిందే అయితే, ఆశీర్వాదమే అయితే, తప్పు కానే కాకపోతే, చదవండి. మీ ఇంట్లో జరగబోయే పెళ్లిలో మైకు తీసుకుని, కొడుకుని పక్కన నిలబెట్టుకుని, ఎంత పుచ్చుకున్నారో పైసలతో సహా చదవండి. నాకు కబురు పెట్టండి, వచ్చి ముందు వరసలో కూర్చుంటాను. చదివిన ధీరుడికి దండేసి, ఈ రాసిందంతా నా చేత్తో చింపేస్తాను.

చదవలేరా? అయితే ఇకమీద సుబ్బారావుని చూసి నవ్వకండి. మీకా హక్కు లేదు.